గురువారం ఏడింటి తాళం

మాల్మో చివర మా తొమ్మిదంతస్తుల భవనానికి
నేలమాళిగలో ఒక్కటే బట్టలుతికే గది.
గోడమీద చిల్లుల చెక్కపలక.
ఇంటికో బుల్లి తాళం, తాళంమీద ఇంటి నంబరు.
ఏ రోజు ఏ గంట చిల్లులో బిగిస్తే
ఆ గంట నీది. రాజుగారైనా
దుప్పటి చంకనపెట్టుకుని కాచుకోవాల్సిందే.

నా పేరు హబ్తోమ్. అస్మారాలో లెక్కల మాస్టర్ని.
ఇక్కడ మెట్లు తుడుస్తాను, బల్బులు మారుస్తాను,
ఆ గదిలో అంటించిన చీటీలు పీకుతాను.

చీటీలంటే మొహాన అనలేని మాటలు.
"జల్లెడలో నూలుపొట్టు వదిలిన మహానుభావులకు:
ఇది మీ పుట్టిల్లు కాదు."
"నా గంటలో పదకొండు నిమిషాలు తిన్నారు. రాసిపెట్టుకున్నాను."
సంతకం ఉండదు. అక్కర్లేదు.
నిటారుగా నిలబడ్డ ఆ నీలి అక్షరాలు
నలభై రెండో నంబరు గున్‌వోర్‌వి.
కింద ఎర్ర పెన్నుతో, యాభై ఏడో నంబరు హోదన్:
"ఆ పొట్టు తెల్లది. మా ఇంట్లో తెల్ల పిల్లి లేదు."
లిఫ్టులో ఎదురుపడితే
ఒకరు అంతస్తుల అంకెలు చదువుకుంటారు,
ఒకరు తమ బూట్లు.

పీకిన చీటీలు పారెయ్యలేదు నేను.
బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఎందుకో అడక్కండి.

ఫిబ్రవరిలో కంపెనీ ఒక కాగితం పంచింది:
ఈ పేట మీదేనని మీకు అనిపిస్తుందా?
ఒకటి నుంచి ఐదులోపు మార్కులెయ్యండి.
లిఫ్టు ఆగిపోయి అప్పటికి పదో రోజు.
మూడో అంతస్తు ల్యూబిత్స సున్నాకి గడి కావాలని అడిగింది.

ఆ గురువారం
ఏడింటి చిల్లులో గున్‌వోర్ తాళం ఉంది,
ముప్పై ఒక్క ఏళ్లుగా ఉన్నట్టే.
ఎనిమిదిన్నర హోదన్‌ది.
తప్పు పట్టుకుందామని పావుగంట ముందే దిగింది,
బుట్టలో బట్టలమీద ఎర్ర పెన్ను.
యంత్రంలో చెయ్యి పెట్టింది. తీసి నాకు చూపించింది.
"పొడిగా ఉంది."
మళ్లీ తనే అంది:
"ఆవిడ పోట్లాట ఎగ్గొట్టే మనిషి కాదు."

నాలుగంతస్తులు. ఆమె ముందు, తాళాల గుత్తితో నేను వెనక.
ఉత్తరాల సందుకి నోరానించి
ఆ పేరు మొదటిసారి పైకి పిలిచింది, అరిచింది.
లోపల్నించి, ఎక్కడో స్నానాలగది నేలమీంచి:
"ఎవరూ?"
"యాభై ఏడు!"
కాసేపు ఏమీ లేదు. తర్వాత, సన్నగా:
"మీ టైము ఎనిమిదిన్నరకి కదా."

తుంటి ఎముక. ఏప్రిల్‌లో ఇంటికొచ్చింది.
స్నేహం కుదిరిందని చెప్పను, వాళ్లిద్దరూ ఒప్పుకోరు.
గురువారం ఏడింటికి మాత్రం
హోదన్ రెండు బుట్టలు దించుతుంది.
చీటీలు ఆగలేదు.
గున్‌వోర్‌కి చెయ్యి వణుకు,
చెబుతుంటే హోదన్ కూతురు ఇఫ్రా రాస్తుంది,
నాలుగో క్లాసు, నాలిక బయటపెట్టి:
"యాభై ఏడో నంబరు వారికి.
నా ఉన్ని స్వెట్టరు వేడినీళ్లలో వేసి
ఏడేళ్లదానికి సరిపోయేట్టు చేశారు."
దానికిందే, అదే చేతిరాత:
"నాకు తొమ్మిది. చేతులు కొంచెం పొట్టి. థాంక్స్."

నిన్న కంపెనీ మనుషులు టేపుతో వచ్చారు.
ఇంటికో యంత్రం ఇస్తారట,
ఈ గదిలో సైకిళ్లు పెట్టుకోవచ్చట.
"లోపల ఒకేసారి ఎంతమంది ఉంటారు?" అన్నాడు
కాగితమ్మీద పెన్ను ఆనించి.
"ఒకరే," అన్నాను.
నిజమే. లెక్కల మాస్టర్ని, తప్పుడంకె చెప్పలేను.
గడిలో ఒకటి వేశాడు.
వేసి, పెన్ను జేబులో పెట్టుకోబోయాడు.

"కాస్త ఆగండి," అని
బిస్కెట్ల డబ్బా మూత తీశాను.