గంజి పెట్టిన చేతులు

రేపు బిషప్ ఓస్మండ్ క్రేల్ గారిని
వెన్‌మియర్ కథెడ్రల్ నేలకింద పెడతారు.
పలకమీద డీన్ గారు లాటిన్‌లో ఏదో చెక్కిస్తున్నాడు.
నాకు లాటిన్ రాదు.
నాకు తెలిసిందల్లా ఆయన అంగీ చేతులు:
తెరచాపల్లా ఉబ్బి, మణికట్టు దగ్గర
నల్ల రిబ్బనుతో బిగిసే సన్నటి నారబట్ట.
ముప్పై మూడేళ్ళు ఉతికాను,
మధ్యలో పద్నాలుగేళ్ళు తప్ప.

చిత్తడినేలల్లో మలుగులు పట్టేవాడి కొడుకు.
కేంబ్రిడ్జిలో ప్రభువుల బిడ్డల ఎంగిలి కంచాలు కడిగి
గ్రీకు నేర్చుకున్నాడట.
ఆ సంగతి ఆయన చెప్పలేదు,
ఓసారి నా తొట్టెలో వేలు ముంచి
నీళ్ళ వేడి చూసిన తీరు చెప్పింది.

వచ్చిన ఏడాదే పవిత్ర బల్లను తూర్పు గోడకు జరిపించి
చుట్టూ కొయ్య కటకటాలు వేయించాడు.
అక్కడ మోకరిల్లితేనే రొట్టె, ద్రాక్షారసం.
మా అన్న జబెజ్ నేతగాడు.
ఆరు రోజులూ మగ్గానికి వంగేవాణ్ణి,
ఏడో రోజు కొయ్యకి వంగనన్నాడు.
వెలి వేశారు. కాగితం మీద బిషప్ సంతకం.
ఆ సోమవారం కుడిచేతి అంచున
ఆవగింజంత సిరా మచ్చ నా దగ్గరికొచ్చింది.
పులిసిన పాలు, ఉప్పు, కాస్త ఎండ.
పోయింది.

తర్వాత యుద్ధం.
పార్లమెంటు సిపాయిలు కటకటాలు విరిచి చలి కాచుకున్నారు.
కిటికీ అద్దాల్లో దేవదూతల్ని రాళ్ళతో కొట్టారు.
నా గంజి ఆరకముందే ఆ చేతులు చింపి
తుపాకీ గొట్టాలు తుడుచుకున్నారు.
ఏ ఎండకా గొడుగు పట్టినవాళ్ళు కొత్త ప్రమాణం చేసి
పాత ఇళ్ళలోనే ఉండిపోయారు.
ఆయన చెయ్యనన్నాడు.
ఒక రాత్రి నా గుమ్మంలో,
గోనెసంచిలో ప్రార్థన పుస్తకం, గడ్డం నిండా వాన.
"గ్రిసెల్, పనేమైనా ఉందా?"

పద్నాలుగేళ్ళు దుప్పట్లు పిండాం,
ఆ కొస ఆయన, ఈ కొస నేను.
చలికాలం ఆయన వేళ్ళు పగిలి నీళ్ళు ఎర్రబడేవి.
చీకటిపడ్డాక పసిబిడ్డల్ని తెచ్చేవాళ్ళు,
నా గంజి గిన్నెలోనే బాప్తిస్మం.
జబెజ్ కట్టెలు మోసుకొచ్చేవాడు.
ఇద్దరూ దేవుడి గురించి గొంతులు చించుకుని
ఒకే కుండలో చేపల చారు తాగేవాళ్ళు.
ఈయనకి ఈ నీళ్ళు పట్టాయనుకున్నాను.

రాజు తిరిగొచ్చాడు.
లండన్ నుంచి కొత్త నారబట్ట వచ్చింది.
నేనే కుట్టాను, నేనే తొడిగాను.
పగిలిన వేలికి పోగు తగులుకుంటే
"మెల్లగా" అన్నాడు.

నాలుగో ఏడు వంగనివాళ్ళ జాబితా వచ్చింది.
ఆ రాత్రి ఆయన గదిలో దీపం ఆరలేదు.
మంచి శకునమే అనుకుని నిద్రపోయాను.
పొద్దున సంతకం పెట్టాడు.
జబెజ్ జైల్లో జ్వరంతో పోయాడు, లెంట్ రోజుల్లో.

ఈసారి మచ్చ బఠాణీ అంత.
పాలు పోశాను, ఉప్పు రుద్దాను,
పోవడం లేదని చెప్పాను.
అబద్ధం. పాలూ పొయ్యలేదు, ఉప్పూ తియ్యలేదు.
ఆయన ఆ అంచుకేసి చాలాసేపు చూసి
"ఉండనీ" అన్నాడు. తెలిసే అన్నాడేమో.
రెండేళ్ళు ఆ చేత్తోనే ఊరిని దీవించాడు.
మచ్చని ఒక్కసారీ మడతలోకి తిప్పుకోలేదు.

ఇవాళ శవానికి తొడిగే జత నా బల్లమీదుంది.
ఇస్త్రీపెట్టె కాలుతోంది, గంజి చిక్కబడుతోంది.
కిటికీ పక్కన గిన్నెలో
పులిసిన పాలున్నాయి.
ఇంకా చెయ్యి పెట్టలేదు.