మూడుసార్లు కిందికి

చీమకుర్తిలో మౌస్ ఎక్కువ రోజులు బతకదు.
రాతిపొడి దాని పొట్టలోకి దూరి
చక్రం గరగరమంటుంది.
రెండు నెలలు తిరిగేసరికి
బాణం తెర మధ్యలో మొండికేసి నిలబడుతుంది.
రామతీర్థం రోడ్డులో కంప్యూటర్ల షాపతను
నన్ను చూడగానే, అడక్కుండానే
ఇంకోటి తీసి బల్లమీద పెట్టేవాడు.

కాలేషా గారి బల్లమీద మౌస్ ఉండదు.
ఒక టీగ్లాసు, దాని కింద గుండ్రటి తడిమచ్చ,
అంకెలు చెరిగిపోయిన కొలతల టేపు,
అంతే.

నేను చేరిన రోజే అన్నాడు:
"సలోమీ, మీటల మీంచి చెయ్యి ఎత్తమాకమ్మా.
ఎత్తి, ఎతికి, గురిచూసి నొక్కేలోపల
లారీ సంతనూతలపాడు దాటిద్ది."

ఎడమ చిటికెనవేలు కంట్రోల్ మీద వాల్చి
సెమికోలన్ తాకితే ఇవాళ్టి తేదీ.
డి తాకితే పైగడిలోది కిందిగడిలోకి దిగుతుంది.
ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ కొడితే
ఆ నెల తవ్విన కొండంతా
ఒక్క గడిలో వచ్చి కూర్చుంటుంది.

ఇవన్నీ కాగితం మీద రాసి గోడకంటించుకున్నా.
మర్నాటికి చింపేశాడు.
"కళ్ళకెందుకు? ఏళ్ళకు రానీ."

వారం రోజులు అన్నీ తప్పులే.
కృష్ణపట్నం పోవాల్సిన పదకొండు బ్లాకులు
ఒకే దెబ్బకు మాయం చేసి
ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుంటే
వంగి, జెడ్ తాకి, వెనక్కి తెచ్చి
టీ తాగమన్నాడు.
ఇంటికెళ్ళి గోంగూర తుంచుతుంటే కూడా
నా వేళ్ళు ఊరికే ఆడేవి.
"ఎవరికే ఆ సైగలు?" అంది మా అమ్మ.

ఆయన కుడిచేతికి రెండే వేళ్ళు.
బొటనవేలు, చిటికెనవేలు.
నడుమంతా పాలిష్ పట్టిన రాయిలా నున్నన.
ఆ చేతికి మౌస్ తడి సబ్బుబిళ్ళ.
కిందిబాణం మాత్రం బొటనవేలికి
పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టే ఉంటుంది.

కంట్రోల్ పట్టుకుని ఆ బాణం ఒక్కసారి నొక్కితే
ఎంత పొడుగు షీటైనా
బావిలోకి బొక్కెన వదిలినట్టు అడుక్కి పోతాం.
పాత బ్లాకుల షీటులో మాత్రం మూడుసార్లు నొక్కాలి.
మొదటిసారి వెయ్యిన్నూట ఆరో వరస.
రెండోసారి వెయ్యిన్నూట ఎనిమిది.
మూడోసారికి గానీ అడుగు తగలదు.

ఏడో వరస ఖాళీ.

చిన్న ఓనరు ఒకరోజు నా వెనక నిలబడి చూశాడు.
"ఇదేంది మధ్యలో? తీసెయ్."
షిఫ్ట్, స్పేస్. కంట్రోల్, మైనస్.
వరస మొత్తం నల్లగా వెలిగింది,
ఇంక ఆ చివరి మీటే మిగిలింది.
కాలేషా గారు టేపు చుట్టుకుంటూ ఉన్నాడు,
తల ఎత్తలేదు.
ఫార్ములా ఏదో చెడిపోద్ది సార్ అన్నాను.
ఎక్కడిదో ఆ అబద్ధం, టక్కున వచ్చింది.

అతను కారెక్కాక అడిగా.

"ఆ రోజు కొలిచానమ్మా.
రెండొందల ఎనభై ఐదు, నూట డెబ్బై, నూట అరవై.
చుక్క బాగా పడిన రాయి.
జేబులోంచి పెన్ను తీసేలోపల గొలుసు తెగింది."

"ఇప్పుడు ఎక్కిస్తా, చెప్పండి."

"రాయి ఎప్పుడో ఓడెక్కిపోయింది.
ఏ దేశంలోనో దానిమీద ఉల్లిపాయలు తరుగుతుంటారు.
డబ్బులు కూడా వచ్చినయ్."
టీగ్లాసు ఎత్తి, ఖాళీదని చూసి, మళ్ళీ పెట్టాడు.
"ఉండనీ. ఆడ ఆగటం అలవాటయింది."

పోయిన నెల ఆఫీసుకు తీగ లేని మౌసులు వచ్చాయి.
నాది డబ్బాలోనే ఉంది,
ఫ్యాన్ గాలికి బిల్లులు లేవకుండా.

సాయంత్రం షీటు మూసే ముందు
ఒకటి, రెండు, మూడు అని కిందికి దిగుతాను.
ఆ రాత్రి బస్సులో ఫోనులో లెక్క వేశాను:
ఏడు పాయింట్ ఏడు ఐదు రెండు ఘనమీటర్లు.
ఎక్కడా ఎక్కించలేదు.