రెండో గుట్ట

షెఫీల్డ్‌కీ ఏడు కొండలే అంటారు.
నేనెక్కిన కొండ మీద దేవుడు లేడు, ఆసుపత్రి ఉంది.
"ఆరోగ్యవంతులు కావలెను" అన్న కాగితం చూసి వెళ్ళాను.
రోజుకి తొంభై పౌన్లు, మధ్యాహ్నం శాండ్‌విచ్.

పొద్దున్నే, పరగడుపున,
మోచేతి మడతలో సన్నగొట్టం దించి
మొయిరా ఒక తెల్లమాత్ర చేతిలో పెట్టింది.
కుదురు లేని పిల్లలకిచ్చేదే.
నాకు కుదురుంది,
అందుకే తీసుకున్నారు.

అరగంటకోసారి చెంచాడు నెత్తురు.
గంటన్నర దాటేసరికి
కిటికీ మీద వానచుక్కలు
దేనికది, పేరు పెట్టి పిలవొచ్చన్నంత విడిగా.
నోరెండింది. శాండ్‌విచ్ అట్టముక్కలా ఉంది.
నేల పలకలు లెక్కపెట్టాను, రెండు వందల ఆరు.
మళ్ళీ లెక్కపెట్టాను, ఇష్టంగానే.

నెల తరవాత డాక్టర్ ప్రిచర్డ్ గీతలు చూపించాడు.
ప్రొలాక్టిన్ కాస్త జారింది, అది వేరే కాగితం.
ఇది కార్టిసాల్,
ఇదిగో మాత్ర లేపిన గుట్ట.
పులి లేదు, తరిమినవాళ్ళు లేరు,
ఒళ్ళు మాత్రం చెప్పులేసుకుని
గుమ్మంలో నిలబడింది.

దాని పక్కన, మూడు గంటల దగ్గర,
ఇంకో చిన్న గుట్ట.
"ఇదేంటి?"
"రొద," అన్నాడు. "లెక్కలోకి రాదు."

మూడింటికి
మొయిరా ఫారం నింపుతూ అడిగింది:
సాయంత్రం మిమ్మల్ని తీసుకెళ్ళడానికి
ఎవరొస్తారు?

పక్కింటావిడ పేరు చెప్పాను.
ఆవిడెవరో నాకు తెలీదు, గుమ్మం మీద చదివిన పేరు.
అప్పుడే తీసిన సీసాకి మూత బిగించి
మొయిరా దాని మీద ఏడు అని రాసింది.

నేను ట్రామ్‌లో ఒక్కదాన్నే దిగొచ్చాను.
ఆ జవాబు ఇంకా పైనే ఉంది,
మైనస్ ఎనభైలో,
గడ్డకట్టి.