తోకల లెక్క

ఆడిటాఫీసులో పదకొండేండ్లుగా గుమాస్తాను.
రూపాయి తేడా వస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు.
ఇంట్లోనూ అంతే.
కోడి మానేసిన ఏడు, చేప మానేసిన ఏడు,
ఆ తర్వాత పెరుగు,
ఆఖరుకు తేనె, పట్టుచీర, తోలు చెప్పులు
అన్నీ వరసగా కొట్టేసి
కింద రెండు గీతలు గీసి
సున్న వేసుకున్నాను.

అమ్మ మజ్జిగ కలుపుకుంటా నా తట్టు చూస్తాది.
"చెనక్కాయల పాలతో ఎన్నాళ్లే?" అంటాది.
నవ్వి ఊరుకునేదాన్ని.
ఆ నవ్వులో కొంచెం పొగరుండేది, ఇప్పుడు ఒప్పుకుంటాను.
పక్కింటి శేషమ్మ తడిచీర చుట్టుకొని
"ముట్టుకోవద్దు, మడి" అంటే మాత్రం
ఇంట్లోకొచ్చి ఎగతాళి చేసేదాన్ని.

ఈసారి బియ్యం అంగట్లో కాకుండా
కళ్లతో చూసి తెచ్చుకుందామని
ఏర్పేడు అవతల చెంగల్రాయుడి మడికాడికి పోయినాను.
సేలం నుంచి వచ్చిన కోతమిషను
అంచుల నుంచి చుట్టుకుంటా లోపలికి వస్తా ఉంది.
నడుమ పైరు చిన్నదయ్యేకొద్దీ
దాంట్లోకి ఏమేమి జరిగి జరిగి చేరతాయో
నేనెన్నడూ అనుకోలేదు.
వెనకాలే తెల్లకొంగలు,
పెళ్లిలో రెండో బంతికి నిలబడినట్టు.

ఆఖరి పట్టీ కోసేటప్పుడు
గడ్డిలోంచి బూడిదరంగు చిమ్మింది.
కొన్ని గట్టెక్కినాయి.
కొన్ని ఎక్కలేదు.
ఒక జెర్రిపోతు, సగం మాత్రం కదలతా ఉంది.
కౌజుపిట్ట గూట్లో ఐదు గుడ్లు.
కాదు, నాలుగని రాయాల.
ఐదోది చక్రం అచ్చులో ఉంది.

నా రబ్బరు చెప్పులు బురదలో దిగబడినాయి.
మడిలో దిగినాక మడి నిలవదు.

గట్టుమీద చెంచయ్య పొగకుండ ఊదతా ఉన్నాడు.
బొక్కలోంచి ఒక్కొక్కటే లాగి, తల నేలకు కొట్టి,
తోక కోసి మొలతాడుకు గుచ్చుకుంటాడు.
తోకకింత అని రైతు ఇస్తాడంట.
"ఎన్ని?" అన్నాను, అలవాటుకొద్దీ.
"నలభై ఏడు" అన్నాడు, తడుముకోకుండా.
మిషను వైపు గడ్డం చూపించి
"దానికి తోకల లెక్క లేదు కదమ్మా,
దానికి గంటకింత" అన్నాడు.
నాకు నీతి చెప్పాలని కాదు.
ఈ ఏడు తనను రెండు దినాలకే పిలిచినారని ఆయన బాధ.
ఆ ఎలకలు రాత్రికి ఆయనింట్లో పులుసు.
ఎలకలు దాచుకున్న వడ్లు, రెండు సేర్లుంటాయేమో,
ఆయన పెండ్లాం చేటలో చెరగతా ఉంది.

సోమవారం ఆఫీసులో చెప్తే
రెడ్డెప్ప సంతోషంగా బల్ల చరిచినాడు.
"అయితే ఇంకేం, కోడి తినొచ్చు గదా!"
ఆ కోడి తిన్న మొక్కజొన్న ఎక్కడిదబ్బా,
అక్కడా ఒక మిషను తిరిగింటాది,
దాని మీద ఇంకో కోత, కోడిది.
పెద్ద బాకీ ఉందని తెలిసినోడు
చిన్న బాకీ కాగితం చింపుకుంటాడా?
ఇదంతా గట్టిగానే చెప్పినాను.
గట్టిగా చెప్పినప్పుడే తెలిసింది,
నా మాటల్లో ముందున్న ధీమా లేదని.

ఆ రాత్రి డైరీ తీసి
సున్న కొట్టేసినాను.
ఆ గడిలో ఏమి రాయాల్నో తోచలేదు.
నలభై ఏడు చెంచయ్యవి.
నావి ఎన్నో నాకు ఎవరు చెప్తారు?
పెన్సిలుతో సన్నగా ఒక గీత పెట్టినాను.
అది చివర్లో కొంచెం వంకర పోయింది.

అమ్మ పిలిచింది.
కొత్తబియ్యం, ముద్దముద్దగా ఉడికింది,
ఇల్లంతా వాసన.
ఒక్క మెతుకు కింద పడనీకుండా తిన్నాను.
రెండోమారు పెట్టుకోబోయి
ఆగినాను.
ఆకలిగానే ఉండింది.
పెట్టుకున్నాను.