కొసరు

మాంబళం స్టేషన్ మెట్ల కింద
గోనెపట్టా మీద కన్నెమ్మ.
పీచు తీసిన అరటిదవ్వ,
ఈనెలు లాగేసిన చిక్కుళ్లు,
కవర్లలో, నా బద్ధకానికి సరిపడా సన్నగా.

ఆరున్నర లోకల్ దిగి
ముప్ఫై రూపాయల ఆరోగ్యం కొంటాను.
సగం రోజులు
అది ఫ్రిజ్‌లో నల్లబడుతుంటే
నేను సందు చివర పరోటా తిని
పడుకుంటాను.

నిన్నెందుకో అడిగాను:
"మీ ఇంట్లో ఇవాళేం కూర?"

జిగురుకు కమిలిన వేళ్లు
కొంగుకు తుడుచుకుంది.
"కూరా!
ఇంటికి పోయి మళ్లీ
కత్తిపీటెక్కమంటావా నాయనా?
నగరి నించి తెచ్చిన ఊరగాయుందిలే,
అన్నంలోకి అదే."

చిల్లర లెక్కపెట్టింది.
పైన రెండు రెబ్బల కరివేపాకు వేసింది,
ఊరికే,
ఎలాగూ ఏరి పారేసేదే.