ఇందాకటిదే

ఒంగోలు కర్నూలు రోడ్డులో రెండో అంతస్తు,
కింద పంక్చర్లు వేసే షాపు.
తొంభై తొమ్మిది. చవితి పందిళ్లు విప్పేసిన వారం.
ఫ్యాను గాలి నాక్కాదు, మానిటరుకి.

చీమకుర్తి నుంచి మాలకొండారెడ్డి గారు
తడిగుడ్డలో చుట్టి ఒక పలక ముక్క తెచ్చారు.
నల్లటి రాతిలో బంగారు నలుసులు.
"ఇది కంప్యూటర్లో గిరగిరా తిరగాలమ్మా మస్తాన్‌బీ.
ఇటలీవోడు చూసి ఆర్డరు పెట్టాల."

పన్నెండు బొమ్మలు, ఒక్కోటీ పిసరంత తిప్పి.
గిఫ్ అంటారు దాన్ని.
రెండొందల యాభై ఆరు రంగులకు మించి మోయదు.
దాని కిటుకు మా నాయన రాసే పొగాకు బేళ్ల చిట్టాలోదే:
మొదటి వరస పూర్తిగా,
కింద వరసల్లో సదరు, సదరు, సదరు.
నలుపు పక్కన నలుపు పక్కన నలుపు వస్తే
మళ్లీ చెప్పదు, ఇందాకటిదే అంటుంది.
ఏది ఇందాకటిదో తెలిపే పట్టీ కూడా వెంట పంపదు,
అవతలివాడు చదువుతూ చదువుతూ తనే కట్టుకుంటాడు.
పాచిపళ్ల దాసరికి ఇక పని లేదు.

ఆ వారమే తెలిసింది
ఆ 'ఇందాకటిదే'కి ఒక యజమాని ఉన్నాడని.
సముద్రాల అవతల కంపెనీ,
ఎనభై అయిదు నుంచే కాగితం దాని పేరున.
తొమ్మిదేళ్లు పెద్దగా నోరెత్తలేదు.
అందరికీ అలవాటయ్యాక
గుమ్మంలో నిలబడి కౌలు అడిగింది.
లైసెన్సు లేని సాఫ్ట్‌వేరుతో చేసిన బొమ్మ పెట్టుకుంటే
అయిదువేల డాలర్లంట.
కాలిక్యులేటరు నొక్కి చూశా: పదిహేనేళ్ల నా జీతం.
ఆ చెయ్యి ఒంగోలు దాకా సాగుతుందో లేదో
చెప్పేవాడు లేడు.
మా సాఫ్ట్‌వేరు నలభై రూపాయల సీడీ.

మాలకొండారెడ్డి గారు చాలాసేపు నవ్వారు.
"కొండకి లీజు కట్టా. మీటరుకింతని సీనరేజి కట్టా.
మైన్సాఫీసులో అటెండరుకీ కట్టా.
మళ్లీ అదే అన్నందుక్కూడా కట్టమంటే ఎట్టమ్మా?"

ఎవరి బాకీ లేని కొత్తరకం ఒకటుంది, పీఎన్‌జీ,
చేసి చూపించా.
నిగనిగలాడింది. కదల్లేదు.
"తిరగని రాయిని ఎవడు కొంటాడు?"

సరే, గిఫ్ఫే.
తీరా చూస్తే రాయి మొండికేసింది.
నలుపు లొంగింది, నలుసులు లొంగలేదు.
ఏ నలుసూ పక్క నలుసులా లేదు,
ప్రతిదాన్నీ కొత్తగా చెప్పాల్సిందే.
మూడొందల కేబీ! ఫోను లైను మీద అది చేరేలోగా
ఇటలీవోడు భోంచేసి పడుకుంటాడు.
రంగులు కోశా.
అరవై నాలుగు. ముప్పై రెండు. పదహారు.
సన్నపడి, తేలికపడి, గిరగిరా తిరిగింది.
కింద పంక్చరు కుర్రాడు కూడా వచ్చి చూశాడు.

లారీ మీద వచ్చిన ఏసోబు ఒక్కడే
తెర దాకా ముఖం తెచ్చాడు.
ఇరవై ఏళ్లు డ్రిల్లు పట్టినవాడు,
ఏ పలక ఏ బెంచిలోదో నలుసుల్ని బట్టి చెప్పేవాడు.
నాలుగైదు చుట్లు తిరగనిచ్చాడు.
"ఇది మా రాయి కాదమ్మా."
కాసేపాగి,
"రాయే. మాది కాదు."

రెండువేల మూడు జూను ఇరవైన
అమెరికాలో ఆ కాగితం గడువు తీరింది,
మరుసటేడు మిగతా దేశాల్లో.
ఆ రోజు మాకు కరెంటు లేదు.
కంచె తీశాక చూస్తే
లోపల మాట మాటలాగే ఉంది,
ఎంతమంది వాడినా అరగలేదు.

మాలకొండారెడ్డి గారి లీజూ తీరింది.
అక్కడా కంచె తీసేశారు.
లోపల కొండ లేదు.
కొండంత గుంట, అడుగున పచ్చటి నీళ్లు,
గట్టు మీద ఎవరిదో చెప్పు.

పలక ముక్క నా దగ్గరే ఉండిపోయింది.
దాని మీద అల్లం నూరుతుంటా.
తడి తగిలినప్పుడల్లా నలుసులు లేస్తాయి,
ఊరికే లెక్కపెడతా:
ఇదొకటి.
ఇది వేరు.
ఇదీ వేరే.