ముందటేడు

గురువారం సాయంత్రాలు లైబ్రరీలో కూచుని
కాలేజీ సాయం ఫారాలు నింపిపెడతాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పిన అలవాటు,
ఎవరి పెన్సిల్ ఆగినా నా చెయ్యి ఊరుకోదు.

బయట ఆండ్రోస్కాగిన్ నది మీద నవంబర్.
కాగితం మిల్లు గొట్టంలోంచి ఏమీ రావడం లేదు.
ఏళ్ళ తరబడి ఈ ఊరు ఆ కంపుని తిట్టుకుంది,
ఇప్పుడు ముక్కులెత్తి వెతుక్కుంటోంది.

నొయెల్లా పెల్టియే వచ్చింది. వెనకాల తండ్రి రేయాల్,
పన్ను కాగితాలన్నీ బ్రెడ్డు సంచిలో పెట్టుకుని.

"ఏ ఏడాది ఆదాయం చూస్తారు?"
"ముందటేడుది."
"అప్పుడు మిల్లుంది కదా."
"ఉంది."
"ఇప్పుడు లేదు కదా."
ఫారానికి ఆ కబురు ఇంకా అందలేదు.

ముందటేడంటే
ఓవిలా చెయ్యి రోలర్లలో పడి మంచమెక్కిన ఏడు.
అతని చోటు పోకుండా
అతని షిఫ్టు కూడా రేయాల్ చేశాడు.
పదహారేసి గంటలు, ఆదివారాలు, క్రిస్మస్ రాత్రి.
ఆ డబ్బు ఇంటి కప్పుకి పోయింది, హీటర్ నూనెకి పోయింది,
భార్య పళ్ళకి పోయింది.
వచ్చినదాన్నే అడుగుతారిక్కడ.
ఎటు పోయిందో రాయడానికి గడి లేదు.

"ఇల్లు లెక్కలోకి రాదు" అన్నాను, ఊరట కోసం.
"ఎవడు కొంటాడు గనక" అన్నాడు.
రిటైర్మెంట్ సొమ్మా? దాచినంతకాలం రాదు.
అతను మాట్లాడలేదు. ఏప్రిల్లోనే తీసి తినేశారు.
అది రెండేళ్ళ తర్వాత
ఆదాయం వేషం కట్టుకుని ఈ బల్ల దగ్గరికే వస్తుందని
నాకు తెలుసు. ఈ పూటకి చెప్పలేదు.

పన్నులు తీసి, బతకడానికింత అని
పట్టిక దయతలచినంత తీసి,
మిగిలినదాంట్లో వంతులు వేస్తే
తెర మీద తేలింది: పధ్నాలుగు వేల మూడు వందల ఆరు.

"కట్టాల్సిన సొమ్ము కాదిది, సూచిక" అన్నాను.
"కాలేజీ ఖర్చులోంచి దీన్ని తీసేస్తే వచ్చేది మీ అవసరం."
నొయెల్లా నవ్వింది:
"మా అవసరం తీసివేతలో తేలుతుందా?"

ఆ సూచిక సున్నా దాటి కిందికి కూడా దిగుతుంది,
మైనస్ పదిహేను వందల దాకా.
ఆపైన లేమి ఎంత లోతున్నా, మెట్లు కట్టలేదు.

పైఅంకె చాలనప్పుడు
పక్కదాని దగ్గర అప్పు తెచ్చుకోమని
మూడో తరగతిలోనే నేర్పాను ఈ ఊరి పిల్లలకి.
ఎంత మామూలుగా నేర్పాను!

"ఆ షిఫ్టులు చెయ్యకుండా ఉంటే?" అడిగాడు రేయాల్.
సూచిక తగ్గేది. ఓవిలా చోటు పోయేది.
ఎలాగూ మార్చిలో అందరి చోట్లూ పోయాయి.
ఈ లెక్క ఏ పిల్లాడూ నన్నడగలేదు.

ఒక దారుంది. కాలేజీకి ఉత్తరం రాయచ్చు,
సంగతులు మారాయని. వింటారన్న హామీ లేదు.
నొయెల్లా రాసింది, నా సాయం వద్దంది:

"మా నాన్న ముందటేడు ఇద్దరి పని చేశాడు.
ఈ ఏడు ఒకడి పని కూడా లేదు.
రెండేళ్ళూ కలిపి చూస్తే
ఆయన ఒక్క మనిషే."

రెండు అక్షరదోషాలున్నాయి. దిద్దలేదు.

రేయాల్ ఆ కాగితం అందుకుని
చదవలేదు. బొటనవేలితో అంచు రుద్ది చూశాడు.
"మనదే. మూడో నంబర్ మిషను."
దీపానికి అడ్డంగా ఎత్తి పట్టి
"ముందటేడుది" అన్నాడు.